మావారి నోటి వాసన గురించి ఎవరితో చెప్పుకోవాలి?

పేరు రాయొద్దని కోరుతూ ఒక పాఠకురాలు ఎనిమిది పేజీల ఉత్తరం పంపారు. ఆవిడకు 41 ఏళ్లు, భర్తకు 47. రెండేళ్లుగా ఆయన సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్‌కు వెళ్తున్నారు. ఏడాది నుంచి ఆయన నోటి నుంచి ఘాటైన వాసన వస్తోంది. బ్రష్ పెడితే చిగుళ్ల నుంచి నెత్తురు కారుతోందని ఆయన బ్రష్ చేయడమే మానేసి, నీళ్లు పుక్కిలించి ఊరుకుంటున్నారు. ఏం తిన్నా ఇనుప ముక్క నాకినట్టు ఉందంటూ ప్రతిదానిలో ఉప్పు కలుపుకుంటున్నారు. కింది వరస పళ్లు కదులుతున్నాయి. ఆయన అక్క కిడ్నీ ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అయితే మార్పిడికి ముందు పళ్ల డాక్టర్ దగ్గర్నుంచి కాగితం తెమ్మని ఆసుపత్రిలో చెప్పారు. పళ్ల డాక్టరేమో ఆరు పళ్లు తీసేయాలన్నారు. డయాలసిస్ అని తెలిశాక, కిడ్నీ డాక్టర్ రాసిస్తేనే చెయ్యి వేస్తానన్నారు. కిడ్నీ డాక్టర్ ‘పళ్ల వైద్యం చేయవచ్చు’ అని ఒక్క ముక్క రాసిచ్చారు. ఆ ఒక్క ముక్క సరిపోదని పళ్ల డాక్టర్ వెనక్కి పంపారు. ఇలా నాలుగు నెలలు గడిచాయి. ఈలోగా భర్త బ్యాగులో నొప్పి బిళ్లల స్ట్రిప్పులు ఆవిడ కంటపడ్డాయి. ‘ఎవరికైనా చెప్పావంటే ఒట్టే’ అన్నారట ఆయన. ‘కిడ్నీలు ఎలాగూ పోయాయి, ఇంక పాడయ్యేది ఏముంది?’ అని కూడా అన్నారట. చివరి పేజీలో ఆవిడ రాసిన మాట: ‘మూడు నెలలుగా పాప దగ్గర పడుకుంటున్నాను. పాపకు భయం అని చెప్పాను. అసలు కారణం వాసన. ఆయనకు తెలుసు. నేను మంచి భార్యను కాదేమో.’

అమ్మా,

మీ ఉత్తరంలో మీరు చివర రాసిన విషయం దగ్గరే మొదలుపెడతాను. ఆ వాసనకు మీరు మొహం తిప్పుకోవడం ప్రేమ తగ్గి కాదు. ఆయన శుభ్రంగా లేకపోవడం వల్ల మాత్రమే ఆ వాసన పుట్టలేదు కూడా. కిడ్నీలు పనిచేయనప్పుడు ఒంట్లో పేరుకునే యూరియా అనే వ్యర్థం లాలాజలంలోకీ దిగుతుంది. నోట్లో ఉండే సూక్ష్మజీవులు ఆ యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి. మీకు ఘాటుగా తగిలేది అదే. ఆయన నాలుకకు లోహం రుచి తెలియడానికీ చాలావరకు ఇదే కారణం. ఇది జబ్బు లక్షణం. జ్వరం వచ్చిన మనిషి ఒళ్లు వేడిగా ఉందని ఆయన్ను తప్పుపట్టం కదా, ఇదీ అంతే.

కాకపోతే మీవారి విషయంలో రెండు వాసనలు కలిసి ఉండే అవకాశం ఎక్కువ. చిగుళ్లకు చీము పట్టినా వాసన వస్తుంది, దానికీ యూరియాకూ సంబంధం లేదు. ఒక రెండు వారాలు గమనించి చూడండి. డయాలసిస్ చేయించుకున్న సాయంత్రం వాసన బాగా తగ్గి, శుక్రవారం తర్వాత సోమవారం దాకా ఉండే గ్యాపులో పెరుగుతుంటే అందులో యూరియా వాటా ఎక్కువ. ఏ రోజైనా ఒకేలా ఉంటే చిగుళ్లదే పెద్ద వాటా. ఈ తేడా రాసిపెట్టుకుని కిడ్నీ డాక్టర్‌కు చెప్పండి. వాసనతోపాటు ఆకలి మందగించడం, వికారం కూడా పెరుగుతుంటే, చేస్తున్న డయాలసిస్ ఒంటికి సరిపోతోందా అని వాళ్లు లెక్క చూస్తారు. అంటే మీరు సిగ్గుపడి దాచుకున్న విషయం వైద్యానికి పనికొచ్చే సమాచారం. వాళ్లకు చెప్పొచ్చు, చెప్పాలి.

ఇప్పుడు ఆ బిళ్లల సంగతి. మిగతావన్నీ ఒక వారం ఆగొచ్చు గానీ ఇది ఆగకూడదు.

‘ఇంక పాడయ్యేది ఏముంది’ అన్న మాట డయాలసిస్ చేయించుకునే చాలామంది అంటారు. పాడయ్యేది ఉంది. ఆయనకు ఇంకా రోజుకు ఒకటి రెండుసార్లు మూత్రం వస్తోందని మీరే రాశారు. ఆ కాస్త మూత్రం చాలా విలువైనది. యంత్రం లేని రోజుల్లో కూడా కొంత నీటినీ, కొంత పొటాషియాన్నీ బయటికి పంపేది అదే. అది ఉన్నంతకాలం తాగే నీటి విషయంలో కాస్త వెసులుబాటు ఉంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు ఆ మిగిలిన పనిని కూడా దెబ్బతీయగలవు, బీపీని పెంచగలవు. కడుపులో పుండు పడి నెత్తురు కారే ప్రమాదం ఎవరికైనా ఉంటుంది. మీవారి లాంటి వాళ్లకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే కిడ్నీ జబ్బులో నెత్తురు గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ కణాల సంఖ్య సరిగ్గానే ఉన్నా వాటి పనితనం తగ్గుతుంది. దానికి తోడు డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. ఆయనకు మలం నల్లగా, తారులా వస్తోందా అని అడగండి. వస్తుంటే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నొప్పికి కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు సాధారణంగా ఇచ్చేది పారాసిటమాల్. రోజుకు ఎంత, ఎన్ని గంటలకోసారి అన్నది కిడ్నీ డాక్టర్‌నే అడగండి. రెండు జాగ్రత్తలు. స్ట్రిప్పు మీద పారాసిటమాల్ అని కనిపించగానే తృప్తిపడకండి, చాలా బిళ్లల్లో దానితోపాటు పైన చెప్పిన మందుల్లో ఒకటి కలిసి ఉంటుంది. నీళ్లలో వేస్తే పొంగే రకం బిళ్లల్లో సోడియం ఎక్కువ, అది కూడా వద్దు.

ఒట్టు మాటేమిటి అంటారా? మీ ముందు మూడు దార్లున్నాయి. మాట నిలబెట్టుకుని ఊరుకోవచ్చు. అప్పుడు ఇంట్లో గొడవ ఉండదు, కానీ ఆసుపత్రిలో నెత్తురు కక్కుకున్న రోజున మీకు ముందే తెలుసన్న బాధ మీతోనే ఉండిపోతుంది. ఆయనకు తెలియకుండా డాక్టర్ చెవిలో వేయొచ్చు. బిళ్లలు ఆగుతాయి, కానీ మీరు చెప్పారని ఆయనకు తెలిశాక ఇంకెంత నొప్పి వచ్చినా మీకు చెప్పరు, స్ట్రిప్పులు మీకు దొరకని చోటికి మారతాయి. మూడోది, ముందు ఆయనతోనే మాట్లాడటం. ‘ఈ విషయం నేను దాచలేను. వచ్చే డయాలసిస్ రోజున మీరే చెప్పండి, నేను పక్కన ఉంటాను. మీరు చెప్పకపోతే నేను చెప్తాను’ అని. నాకు ఇదే నచ్చుతుంది. ఆయన మీద కోపంతో కాకుండా, నొప్పి ఎంతుందో అడుగుతూ మొదలుపెట్టండి. దొంగచాటుగా బిళ్లలు మింగుతున్న మనిషి అసలు చెప్తున్నది తనకు భరించలేనంత నొప్పి ఉందనే. ఆ నొప్పి గురించి ఇప్పటిదాకా ఎవరూ అడగలేదేమో కూడా.

చిగుళ్ల విషయానికి వద్దాం. నెత్తురు వస్తోందని బ్రష్ మానేయడం సహజమే, కానీ దానివల్లే నెత్తురు ఎక్కువవుతుంది. బ్రష్ పడని చోట పాచి గట్టిపడి గార అవుతుంది. కిడ్నీ జబ్బులో లాలాజలం తీరు మారడం వల్ల గార ఇంకా తొందరగా కడుతుంది. గార కింద చిగురు వాస్తుంది, వాచిన చిగురు ముట్టుకుంటే చాలు కారుతుంది. కాబట్టి చాలా మెత్తటి బ్రష్‌తో, గట్టిగా రుద్దకుండా, రోజుకు రెండు పూటలు మళ్లీ మొదలుపెట్టాలి. మొదటి వారం పది రోజులు నెత్తురు కనిపిస్తుంది, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. ఫ్లోరైడ్ ఉన్న మామూలు పేస్టు చాలు, వాడాక ఉమ్మేయాలి, మింగకూడదు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ కొనకండి, ఎండిన నోటిని ఇంకా ఎండబెడుతుంది. క్లోర్‌హెక్సిడిన్ ఉన్నది పళ్ల డాక్టర్ చెప్పినన్ని రోజులే. ఎక్కువకాలం వాడితే పళ్లకు మరకలు పడతాయి, రుచి కూడా మారుతుంది. రుచి ఇప్పటికే పోయిందని బాధపడుతున్న మనిషికి అది మరీ ఇబ్బంది.

కారిన నెత్తురు చిగురు మీద శుభ్రమైన గాజుగుడ్డ పెట్టి అరగంట నొక్కినా ఆగకపోతే మాత్రం ఇంట్లో కూర్చోవద్దు.

ఆ ఉప్పు గురించి ఒక మాట. రుచి తెలియడం లేదని ఉప్పు వేసుకుంటారు, ఉప్పుకు దాహం వేస్తుంది, దాహానికి నీళ్లు తాగుతారు, ఒంట్లో నీరు చేరుతుంది. ఆ నీటినంతా నాలుగు గంటల్లో యంత్రం లాగేసరికి కండరాలు పట్టేసి, నీరసంతో ఇంటికొస్తారు. ఇదంతా నోట్లో మొదలవుతోంది. భోజనానికి ముందు ఒకసారి నోరు బాగా కడుక్కుని, నాలుక మెల్లగా గీసుకుంటే కొందరికి రుచి కాస్త తేటపడుతుంది. ఎండినప్పుడల్లా నీళ్లు తాగే బదులు పుక్కిలించి ఉమ్మడం, చక్కెర లేని చూయింగ్ గమ్ నమలడం మేలు. ఐసు ముక్క చప్పరించొచ్చు, కానీ దాన్ని ఆ రోజు తాగే నీటి లెక్కలో వేసుకోవాలి. ఉప్పుకు బదులుగా అమ్మే ‘తక్కువ సోడియం’ ఉప్పుల జోలికి వెళ్లొద్దు. వాటిలో చాలావరకు పొటాషియం ఉంటుంది, డయాలసిస్ మనిషికి అది ప్రమాదం.

మందుల పట్టీలో ఎమ్లోడిపిన్ ఉందని రాశారు. బీపీకి వాడే ఆ రకం మందుల వల్ల కొందరికి చిగురు ఉబ్బి పళ్ల మీదికి పెరుగుతుంది. మీవారి చిగుళ్లు అలా ఉన్నాయా అని పళ్ల డాక్టర్‌ను అడగండి. ఉన్నాయంటే మందు మార్చే వీలుందా అని కిడ్నీ డాక్టర్‌ను అడగండి. మీ అంతట మీరు మాత్రం ఆ బిళ్ల ఆపొద్దు.

ఇక మిమ్మల్ని నాలుగు నెలలుగా తిప్పుతున్న ఆ కాగితం. ఇద్దరు డాక్టర్లలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. పళ్ల డాక్టర్‌కు నెత్తురు ఆగదేమోనన్న భయం, అది న్యాయమైన భయమే. కిడ్నీ డాక్టర్‌కు నోటి గురించి ఆలోచించే తీరిక తక్కువ. మధ్యలో నోరు ఎవరికీ చెందకుండా పోయింది. ‘చేయవచ్చు’ అన్న ఒక్క మాటతో పళ్ల డాక్టర్ ఏం చేయగలరు? ఆయనకు కావలసింది వేరే. డయాలసిస్ ఏ రోజుల్లో, హెపారిన్ ఇస్తున్నారా, రక్తం పల్చబరిచే వేరే మందులున్నాయా, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే పరీక్ష తాజాగా ఎంతున్నాయి, పొటాషియం ఎంత, బీపీ ఎలా ఉంటోంది, ఏ యాంటీబయాటిక్ ఎంత మోతాదులో ఇవ్వొచ్చు, ఏవి ఇవ్వకూడదు, అన్ని మందుల పేర్లు. ఈ ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద మీరే రాసి, ఎదురుగా ఖాళీ వదిలి, డయాలసిస్ జరుగుతుండగా అక్కడి డాక్టర్‌కు ఇవ్వండి. ఉత్తరం రాయమని అడిగితే ఒక లైను వస్తుంది, ఖాళీలు నింపమంటే నింపుతారు. కుదిరితే పళ్ల డాక్టర్ ఫోన్ నంబర్ కూడా దాని మీదే రాయండి. ఇద్దరూ ఐదు నిమిషాలు మాట్లాడుకుంటే మీ నాలుగు నెలల తిరుగుడు తీరుతుంది.

పన్ను తీసే రోజు ఎప్పుడన్నది ముఖ్యం. డయాలసిస్ రోజున వద్దు. మర్నాడు మంచిది, అప్పటికి హెపారిన్ ప్రభావం పోయి ఉంటుంది, ఒంట్లో యూరియా, నీరు కూడా తక్కువగా ఉంటాయి. మీవారికి మంగళ, గురు, శనివారాలు. వాటిలోనూ ఉదయం పూట. పన్ను తీశాక వచ్చే మొదటి డయాలసిస్‌కు హెపారిన్ తగ్గించాలా, ఆపాలా అన్నది కిడ్నీ డాక్టర్ నిర్ణయిస్తారు, కాబట్టి పన్ను తీసిన సంగతి సూది పెట్టకముందే యూనిట్‌లో చెప్పాలి. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి చేసిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దు. ఇది ఆయన చెప్పడం మర్చిపోయినా మీరు చెప్పండి. మత్తు ఇంజెక్షన్ గురించి రాసిన భయం అక్కర్లేదు. పళ్లకు వాడే లిగ్నోకైన్‌ను ప్రధానంగా కాలేయం చూసుకుంటుంది, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మామూలుగానే ఇస్తారు.

ఆరు పళ్లూ తీయించాలా? ఇక్కడ కూడా ఒకే జవాబు లేదు.

ఆరూ తీయించేస్తే మార్పిడి కాగితం త్వరగా వస్తుంది. కొత్త కిడ్నీ పెట్టాక ఒంటి రోగనిరోధక శక్తిని మందులతో అణచిపెడతారు, అప్పుడు పంటి వేరు కింద దాగిన చీము ఒళ్లంతా పాకే ప్రమాదం ఉంటుంది. ఆ చింత తీరుతుంది. కానీ ఆరు పళ్లు ఒకేసారి పోతే నమలడం కష్టం. డయాలసిస్ మనిషికి మాంసకృత్తులు మునుపటికంటే ఎక్కువ కావాలి, నమల్లేక తిండి తగ్గితే కండ కరుగుతుంది. కట్టుడు పళ్లు పెట్టించేదాకా మెత్తటి ఆహారం ఏమివ్వాలో డైటీషియన్‌తో ముందే మాట్లాడుకోవాలి. తీయడం కూడా రెండు మూడు విడతల్లో చేయమని అడగొచ్చు.

చిగురు లోపలి దాకా క్లీనింగ్ చేయించి కొన్ని పళ్లు నిలబెట్టుకోవడానికి ప్రయత్నించడం రెండో దారి. పళ్ల డాక్టర్ కూడా రెండింటికి అవకాశం ఉందన్నారని రాశారు కదా. దీనికి ఎక్కువసార్లు వెళ్లాలి, ఆయన బ్రష్ విషయంలో నిక్కచ్చిగా ఉండాలి. ఫలించకపోతే సరిగ్గా మార్పిడి ముందు మళ్లీ పన్ను తీయించాల్సి వచ్చి తేదీ వెనక్కి పోవచ్చు. అడగాల్సిన ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఒంట్లో కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్ష ఈమధ్య చేశారా? కిడ్నీ జబ్బులో ఆ హార్మోన్ పెరిగితే దవడ ఎముక కూడా పల్చబడుతుంది, పళ్లు కదలడానికి అది కూడా తోడవుతుంది. ఎక్స్‌రే చూసేటప్పుడు ఆ ఫలితం పళ్ల డాక్టర్ చేతిలో ఉంటే ఏ పన్ను నిలుస్తుందో అంచనా వేయడం తేలిక.

మార్పిడి అయ్యాక చూసుకుందాం అన్నది ఆయన కోరిక. దాన్ని నేను వద్దంటాను. చాలా ఆసుపత్రులు నోరు బాగుచేయించకుండా మార్పిడికి ఒప్పుకోవు. ఒప్పుకున్నా, మార్పిడి తర్వాత మొదటి మూడు నుంచి ఆరు నెలలు అత్యవసరమైతే తప్ప పళ్ల జోలికి వెళ్లరు. ఆ సమయంలో పంటి నొప్పి వస్తే ఇచ్చే మందులకు కూడా చిక్కులున్నాయి. రోగనిరోధక శక్తిని అణచే టాక్రోలిమస్ వాడుతుంటే ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు దాని మోతాదును రక్తంలో పెంచి కొత్త కిడ్నీకే చేటు తెస్తాయి.

నన్నడిగితే, చీము పట్టినవీ, వేలితో నొక్కితే కిందికి దిగేంతగా వదులైనవీ ఇప్పుడే తీయించి, మిగతా రెండింటికి క్లీనింగ్ చేయించి ఆరు నుంచి ఎనిమిది వారాలు చూడమంటాను. ఆడపడుచుగారి పరీక్షలకు ఎలాగూ సమయం పడుతుంది. నచ్చకపోతే ఇంకో పళ్ల డాక్టర్ అభిప్రాయం తీసుకోవడంలో తప్పేమీ లేదు. ‘ఒంటినిండా సూదులే, ఇప్పుడు పళ్లు కూడానా’ అన్న ఆయన మాటను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఏ పళ్లు ఉంచాలో, ఏవి తీయాలో డాక్టర్ ముందు ఆయన్నే అడగనివ్వండి, ఆయన్నే ఒప్పుకోనివ్వండి. రెండేళ్లుగా ఆయన ఒంటి మీద నిర్ణయాలన్నీ వేరేవాళ్లే తీసుకుంటున్నారు.

పళ్లు బాగైతే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) తగ్గుతుందా అని అడిగారు. డయాలసిస్ దాకా వచ్చాక తగ్గదమ్మా. అలా తగ్గుతుందని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే కొనొద్దు. చిగుళ్ల వాపు తగ్గితే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) తగ్గుతుంది, తిండి సయిస్తుంది, ఇన్ఫెక్షన్ భయం తగ్గుతుంది, మార్పిడికి దారి తెరుచుకుంటుంది. ఇంత చాలు కదా.

ఒకవేళ ఈలోగా చెంప వాచినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా, డయాలసిస్ మధ్యలో చలిజ్వరం వచ్చినా ఏ కాగితం కోసమూ ఆగకండి. నేరుగా ఆసుపత్రికే వెళ్లండి.

పాప దగ్గర పడుకోవడం గురించి. ఆయనకు తెలుసని మీకు తెలుసు, ఇద్దరూ పాప భయం అనే సాకు వెనక దాక్కున్నారు. ఇది చెప్పకుండా ఇలాగే ఉండొచ్చు, క్లీనింగ్ అయ్యాక వాసన తగ్గితే మీరు మెల్లగా గదికి తిరిగి రావొచ్చు. కానీ ఈలోగా ఆయన తనను చూసి మీరు అసహ్యించుకున్నారనే అనుకుంటారు, ఆ అనుకోవడం వాసనతో పాటు పోదు. చెప్పదలుచుకుంటే పడుకునే ముందు కాకుండా పగలు, డయాలసిస్ లేని రోజున చెప్పండి. ‘మీ నోటి వాసన యూరియా వల్లట, చిగుళ్ల వల్లట, తగ్గుతుందట. నాకు కష్టంగా ఉంది, మీకు చెప్పలేకపోయాను’ అని. కారణం ముందు, మీ కష్టం తర్వాత.

పాప తొమ్మిదేళ్లదని రాశారు. నాన్న నోట్లో ఎందుకలా వాసనొస్తుందని అడిగి, మీరు కసిరితే ఏడ్చిందని కూడా రాశారు. దానికి నిజమే చెప్పండి. నాన్న కిడ్నీలు చేయాల్సిన పని చేయడం లేదు కాబట్టి ఒంట్లోంచి బయటికి పోవాల్సింది కొంత నోట్లోకి వస్తోంది, అది నీకు అంటుకోదు, నాన్న దగ్గర కూర్చోవచ్చు అని.